డిస్క్ బ్రేకులు పెట్టించాక వచ్చే తిప్పలు
పాత కార్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే పని గురించి ఉన్నాయి. డ్రమ్ములతో వచ్చిన అంబాసిడర్, పద్మిని, జీపు లాంటి బండ్లకు ముందు చక్రాలకు డిస్కులు బిగించడం, ఆ తర్వాత మొదలైన ఇబ్బందులు. కడప, అనంతపురం, కర్నూలు నుంచి రాసినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో లక్షణం చెప్పారు. వాటిలో చాలావాటికి కారణం ఒకటే: చక్రం దగ్గర డిస్కు, కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగం) మారాయి, పెడల్ నుంచి వెనక డ్రమ్ము దాకా ఉన్న మిగతా సరంజామాను వాటికి తగ్గట్టు మార్చలేదు. జవాబులు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే మీ బండిలో తప్పెక్కడుందో వెతకడం సులువవుతుంది.

ప్రశ్న: మాది మార్క్ 3 అంబాసిడర్. ముందు డిస్కులు, బూస్టర్ (వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచేది), కొత్త మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసేది) అన్నీ కిట్టుగా తెచ్చి వేయించాను. బూస్టర్, మాస్టర్ రెండూ డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్ అడుగున బిగించారు. ఊళ్లో తిరిగినంతసేపు బాగుంటుంది. రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేసరికి ముందు చక్రాల నుంచి కాలిన వాసన వస్తుంది, పెడల్ రాయిలా గట్టిపడుతుంది, బండి ముందుకు లాగదు. అరగంట ఆపితే మళ్లీ మామూలే. మేస్త్రీ కాలిపర్లు రెండుసార్లు మార్చినా అంతే. – పాఠకుడు, కడప

జవాబు: మీ ఉత్తరంలోనే సగం జవాబుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బ్రేకు తొక్కే పని పెద్దగా ఉండదు. అయినా వేడెక్కిందంటే కాలు తీసేశాక కూడా ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉన్నాయన్నమాట. పెడల్ గట్టిపడింది అన్నారు, అది ఇంకా ముఖ్యమైన ఆనవాలు. కాలిపర్ పిన్నులు ఒక్కటే పట్టేసి ఉంటే పెడల్ అంతగా గట్టిపడదు. పైపుల్లో బ్రేక్ ఆయిల్ వేడికి వ్యాకోచించి, మాస్టర్‌కు ఆయిల్ ఇచ్చే డబ్బాలోకి వెనక్కి పోవడానికి దారి లేక ఒత్తిడి పెరిగితేనే అలా అవుతుంది. అందుకే కాలిపర్లు ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేదు. తప్పు మాస్టర్ వైపు ఉంది.

మాస్టర్ సిలిండర్ లోపల డబ్బాకు వెళ్లే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు తీసినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే ఆ రంధ్రం తెరుచుకుంటుంది. బూస్టర్ నుంచి వచ్చే పుష్ రాడ్ ఒక మిల్లీమీటరు ఎక్కువ పొడవున్నా పిస్టన్ వెనక్కి రాదు, రంధ్రం మూసే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. కాస్త వేడెక్కగానే ఆయిల్ ఉబ్బి ప్యాడ్లను నొక్కుతుంది, ఆ రాపిడికి ఇంకా వేడి, ఇంకా ఒత్తిడి.

దీన్ని పట్టుకోవాలంటే బండి పట్టేసిన స్థితిలోనే చూడాలి. చల్లారాక షెడ్డుకు తీసుకెళితే ఏ మేస్త్రీకీ దొరకదు. కాబట్టి షెడ్డుకు దగ్గర్లోనే, చదునైన రోడ్డు మీద పట్టేసేదాకా తిప్పండి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఒక ముందు చక్రం జాకీ మీద లేపి స్టాండు పెట్టండి. ఫ్లోర్ అడుగున చెయ్యి పెట్టాలి కాబట్టి జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. చక్రం చేత్తో తిప్పితే తిరగకూడదు. అప్పుడు మాస్టర్‌ను బూస్టర్‌కు పట్టిన రెండు నట్లు వదులు చేసి, మాస్టర్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు జరపండి. చక్రం వదిలిందా, తప్పు పుష్ రాడ్‌దే. వదలకపోతే మాస్టర్ దగ్గర ముందు చక్రాల పైపు యూనియన్‌ను పావు తిప్పు వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే మాస్టర్ లోపలి రంధ్రం మూసుకుపోయిందనో, లోపల డ్రమ్ములకు వాడే రెసిడ్యువల్ వాల్వు (పైపులో కొంత ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచేది) ఉందనో అర్థం. అక్కడా వదలక, కాలిపర్ మీద గాలి తీసే నిప్పిల్ తెరిచినప్పుడే వదిలితే రబ్బరు హోస్ పైపు లోపల ఉబ్బి మూసుకుపోయింది. నిప్పిల్ తెరిచినా చక్రం తిరగకపోతే అప్పుడు కాలిపర్‌ను అనుమానించాలి. ఈ పనంతా చేసేటప్పుడు డిస్కును ముట్టుకోవద్దు, చర్మం అంటుకుపోయేంత వేడిగా ఉంటుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఆయిల్ చిమ్మిన చోట బిగించి, గాలి తీసి, మట్టం చూశాకే బండి కదలాలి.

పుష్ రాడ్ సరిచేయడానికి మాస్టర్ విప్పి, రాడ్ కొన మీద చిన్న మైనం ముద్ద పెట్టి, మాస్టర్‌ను మళ్లీ బిగించి విప్పండి. నలిగిన మైనం మందమే మధ్యలో ఉన్న సందు. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. మైనం పూర్తిగా నలిగి ఇనుము కనిపిస్తే రాడ్ పొడవు తగ్గించాలి. సందు మరీ ఎక్కువైనా మంచిది కాదు, పెడల్ దగ్గర అది నాలుగైదు రెట్లై ఖాళీగా కిందికి పోతుంది. అంతా బిగించాక డబ్బా మూత తీసి, ఒకరిని పెడల్ మెల్లగా తొక్కమనండి. తొక్కడం మొదలైన క్షణంలో ఆయిల్‌లో చిన్న బుగ్గ లేస్తే రంధ్రం తెరిచే ఉందని నమ్మొచ్చు.

మీ బండిలో ఇంకో అనుమానం కూడా ఉంది. మాస్టర్ ఫ్లోర్ అడుగున, అంటే కాలిపర్ల కంటే కింద ఉంటే, ఆయిల్ మెల్లగా డబ్బా వైపు జారిపోకుండా పైపులో రెసిడ్యువల్ వాల్వు పెడతారు. డిస్కుల పైపుకు 2 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) వాల్వు, డ్రమ్ముల పైపుకు 10 పీఎస్ఐ వాల్వు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 10 పీఎస్ఐది పొరపాటున ముందు పైపుకు పడితే ప్యాడ్లు ఎప్పుడూ అంటుకునే ఉంటాయి. రంగు చూసి నమ్మకుండా వాల్వు మీద చెక్కిన అంకె చదవండి. పెడల్ దగ్గరి బ్రేక్ లైటు స్విచ్ కూడా చూడండి. అది ముందుకు ఎక్కువ జరిగి పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వకపోయినా ఇదే జబ్బు వస్తుంది. కిట్టు కొత్తది కదా అని వీటిలో దేన్నీ వదిలేయొద్దు.

ప్రశ్న: 1982 పద్మినికి ముందు డిస్కులు వేయించాను. బూస్టర్ లేదు. ఇప్పుడు పెడల్ చాలా గట్టిగా ఉంది, బలమంతా పెట్టి తొక్కినా డ్రమ్ములున్నప్పటి కంటే దూరం పోయి ఆగుతోంది. పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే ఆయిల్ ఎక్కువ పోయి బాగా పడుతుంది అంటున్నారు. వేయించమంటారా? – పాఠకురాలు, అనంతపురం

జవాబు: వద్దమ్మా. పెద్దది వేస్తే ఇంకా పడదు.

డ్రమ్ములో లీడింగ్ షూ (డ్రమ్ము తిరిగే దిశలో తెరుచుకునే షూ) ఒకసారి డ్రమ్మును తాకగానే డ్రమ్ము తిరుగుడే దాన్ని తనవైపు లాక్కుంటుంది. మీ కాలి బలానికి అది అదనపు సాయం. డిస్కులో ఆ సాయం లేదు. ప్యాడ్‌ను ఎంత నొక్కితే అంతే పట్టు. అందుకే డిస్కులకు పైపులో ఒత్తిడి ఎక్కువ కావాలి. ఆ ఒత్తిడి మాస్టర్ లోపలి వ్యాసం మీద ఆధారపడుతుంది, వ్యాసం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది.

లెక్క చూడండి. కాలితో సుమారు 30 కిలోల బలం పెట్టారనుకుందాం, అంటే 300 న్యూటన్లు. పెడల్ నిష్పత్తి 6 అయితే మాస్టర్ మీద 1800 న్యూటన్లు పడతాయి. 1 అంగుళం మాస్టర్‌లో పిస్టన్ వైశాల్యం 507 చదరపు మి.మీ. కాబట్టి ఒత్తిడి 35 బార్ దాకా వస్తుంది. 7/8 అంగుళానికి వైశాల్యం 388, ఒత్తిడి 46 బార్. 3/4 అంగుళానికి వైశాల్యం 285, ఒత్తిడి 63 బార్. అదే కాలు, అదే బలం. బూస్టర్ లేని డిస్కులకు గట్టి బ్రేకింగులో 60 నుంచి 80 బార్ రావాలి.

అయితే 3/4 అంగుళానికి మారితే దానికో ఖరీదుంది. 7/8 తో పోలిస్తే అదే ఆయిల్ తోయడానికి పెడల్ సుమారు 36 శాతం ఎక్కువ కిందికి పోవాలి. కాలిపర్ పిస్టన్ పెద్దదైతే పెడల్ ఫ్లోర్‌ను తాకే ప్రమాదముంది. కాబట్టి ముందు మీ మాస్టర్ మీద పోతపోసిన అంకె చదివి వ్యాసం తెలుసుకోండి. తర్వాత పెడల్ నిష్పత్తి కొలవండి: ఇరుసు నుంచి కాలు పెట్టే చోటు దాకా ఉన్న దూరాన్ని, ఇరుసు నుంచి పుష్ రాడ్ తగిలే చోటు దాకా ఉన్న దూరంతో భాగించాలి. బూస్టర్ లేనప్పుడు 6 దగ్గర ఉండాలి, బూస్టర్ ఉంటే 4 చాలు. మీది 4.5 లేదా 5 మాత్రమే వస్తే చిన్న మాస్టర్ ఒక్కటే సరిపోదు, బూస్టర్ పెట్టించడమే మంచి దారి.

ఇంకో సంగతి. ఏదో కొత్త కారు మాస్టర్ దొరికింది కదా అని వేయించకండి. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న చిన్న కార్లలో చాలావాటికి పైపులు అడ్డదిడ్డంగా, ఒక ముందు చక్రం, దాని ఎదురు వెనక చక్రం కలిసి ఉంటాయి. ఆ మాస్టర్‌లో రెండు గదులూ సమానం. మీ బండికి రెండు గదుల మాస్టర్ పెడితే ముందు రెండు చక్రాలు ఒక గదికి, వెనక రెండు ఇంకో గదికి పోతాయి. రెండు కాలిపర్లకు కావాల్సిన ఆయిల్ ఒక్క గదే ఇవ్వాల్సి వచ్చి పెడల్ లోతుకు పోతుంది.

ప్రశ్న: డాట్ 5 ఆయిల్ వేస్తే పెయింటు పాడవదట కదా, వేయొచ్చా? – పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: డాట్ 4 వేయండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్. అది మిగతావాటిలో కలవదు, పాత ఆయిల్ చుక్క మిగిలినా చిక్కే. లోపలికి చేరిన తేమ అందులో కలవకుండా అడుగున నీళ్లలా నిలిచి సిలిండర్‌ను తుప్పు పట్టిస్తుంది. సన్నటి బుడగలు కూడా త్వరగా పట్టుకుంటుంది, పెడల్ మెత్తగా ఉంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కు పడిపోతుంది, అందుకే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. పెయింటు మీద చిందితే వెంటనే నీళ్లతో కడగండి, తుడిస్తే పూసినట్టవుతుంది.

ప్రశ్న: అంబాసిడర్‌కు ముందు డిస్కులు, బూస్టర్ వేశాక ముందు బాగా పడుతోంది. కానీ కర్నూలు నుంచి డోన్ వైపు పోతూ వెల్దుర్తి దగ్గర వానలో గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకు విసిరింది. వెనక డ్రమ్ములు పాతవే, కొత్త లైనింగ్ వేయించాను. – పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇది సరిచేసేదాకా ఆ బండిని హైవే మీదికి తీయకండి. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే స్టీరింగు ఎటు తిప్పినా బండి మాట వినదు.

డిస్కుల కోసం బూస్టర్ వేశారు కాబట్టి పైపుల్లో ఒత్తిడి పెరిగింది. అదే ఒత్తిడి వెనక డ్రమ్ములకు కూడా పోతోంది. డ్రమ్ములకు తమ సొంత లాగుడు ఉండనే ఉంది. పైగా గట్టిగా తొక్కినప్పుడు బరువు ముందుకు వాలి వెనక చక్రాల మీద భారం తగ్గుతుంది. తడి రోడ్డు మీద అవి లాక్ కాకుండా ఎలా ఉంటాయి?

వెనకకు పోయే పైపులో సర్దుబాటు చేసుకునే ప్రపోర్షనింగ్ వాల్వు (వెనకకు పోయే ఒత్తిడిని తగ్గించేది) పెట్టించండి. మాస్టర్‌కు, వెనక ఇరుసు మీది హోస్ పైపుకు మధ్య, వానకు, వేడి సైలెన్సరుకు దూరంగా. ముందు వెనక చక్రాలు వేరువేరు గదులతో నడిచే టాండెం మాస్టర్ ఉంటేనే ఇది కుదురుతుంది. మొదట స్క్రూను వెనకకు అతి తక్కువ ఒత్తిడి పోయేలా పెట్టండి. ఎవరూ లేని విశాలమైన మైదానంలో నేల తడిపి, 30 కిలోమీటర్ల వేగంలో గట్టిగా తొక్కండి. బయట ఒకరు నిలబడి ఏ చక్రాలు ముందు ఆగాయో చూడాలి. టైర్ల పక్కన సుద్దతో అడ్డంగా గీత గీస్తే దూరం నుంచి కూడా తెలుస్తుంది. ముందువి ఆగి వెనకవి తిరుగుతుంటే స్క్రూను పావు తిప్పు పెంచి మళ్లీ చూడండి. వెనకవి ముందు ఆగిన చోట నుంచి ఒక తిప్పు వెనక్కి తీసుకొచ్చి లాక్ నట్ బిగించండి. తర్వాత 50 కిలోమీటర్ల వేగంలో ఇంకోసారి. వెనక సీటు నిండా మనుషులున్నప్పుడు వెనక బ్రేకు కొంచెం తక్కువ పట్టినట్టుంటుంది, అది ఉండాల్సిందే. ఖాళీ బండితో సరిచేయాలి.

వాల్వు వేసేముందు వెనక వీల్ సిలిండర్లు చూడండి. ఒక డ్రమ్ములో ఆయిల్ కారి లైనింగ్ తడిసినా ఒక చక్రమే పట్టుకుని బండి విసురుతుంది. ఎడమ కుడి డ్రమ్ముల వ్యాసం కూడా ఒక్కటే ఉండాలి. ఒకదాన్ని మాత్రమే లేత్ మీద స్కిమ్మింగ్ చేయించి ఉంటే మొదటి అనుమానం దాని మీదే.

ప్రశ్న: డీజిల్ జీపుకు డిస్కులు, బూస్టర్ పెట్టించాం. బూస్టర్ పని చేస్తున్నట్టే లేదు. – పాఠకుడు, ఆదోని

జవాబు: వాక్యూమ్ ఎక్కడి నుంచి తీశారో రాయలేదు. ఇన్‌టేక్ మేనిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం) నుంచి తీసి ఉంటే పని చేయదు. పెట్రోల్ ఇంజిన్‌లో కార్బురేటర్ త్రాటిల్ గాలిని ఆపుతుంది కాబట్టి మేనిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది. డీజిల్‌లో గాలికి అలాంటి అడ్డం లేదు. వాక్యూమ్ పంపు కావాలి. ఆల్టర్నేటర్ వెనకే పంపు ఉన్న రకం దొరికితే బిగించడం తేలిక. దానికి ఇంజిన్ ఆయిల్ వచ్చే పైపు, తిరిగి సంప్‌కు పోయే పైపు రెండూ సరిగా కలపాలి.

పరీక్ష ఇలా: ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి. తర్వాత పెడల్ మీద కాలు నొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి జారాలి. జారకపోతే వాక్యూమ్ రావడం లేదు, లేదా పైపులోని వన్‌వే వాల్వు తిరగబడి ఉంది. గేజ్ పెట్టి చూస్తే బూస్టర్ దగ్గర 18 అంగుళాల (పాదరసం) దాకా వాక్యూమ్ రావాలి. ఇంజిన్ ఆపాక కూడా రెండు మూడుసార్లు బ్రేకు తేలిగ్గా పడాలి. ఘాట్ దిగుతూ ఇంజిన్ ఆగిపోతే మిమ్మల్ని కాపాడేది ఆ నిల్వే.

ప్రశ్న: 60 దాటితే బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగు వణుకుతోంది. మలుపు తిరిగాక మొదటిసారి తొక్కితే పెడల్ సగం దాకా పోతుంది, రెండోసారికి పైకి వస్తుంది. గాలి లేదు. – పాఠకుడు, మైదుకూరు

జవాబు: రెండూ ఒకే జబ్బు. డిస్కు వంకరగా తిరుగుతోంది, లేదా హబ్ ఊగుతోంది. డిస్కు అటూ ఇటూ ఆడుతూ ప్యాడ్లను లోపలికి తోసేస్తుంది. మొదటి తొక్కుడు ఆ ఖాళీని పూడ్చడానికే సరిపోతుంది.

డ్రమ్ములున్నన్నాళ్లు వీల్ బేరింగ్ కొంచెం వదులుగా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. డిస్కుకు ఆ వదులు చాలా ఎక్కువ. టేపర్ రోలర్ బేరింగ్ అయితే ముందు చక్రం తిప్పుతూ నట్ బిగించి రోలర్లు కూర్చోబెట్టండి, తర్వాత వదిలి చేత్తో పట్టు దొరికేంత మాత్రం బిగించి కొత్త కాటర్ పిన్ వేయండి. చివరికి మిగిలే ఆట 0.03 నుంచి 0.1 మి.మీ. లోపు ఉండాలి. బేరింగ్ సరైందని తేలాకే డిస్కు చూడాలి. డయల్ గేజ్‌ను స్టబ్ యాక్సిల్‌కు (ముందు చక్రం హబ్‌ను మోసే ఇరుసు) పట్టించి, ముల్లును డిస్కు అంచు నుంచి 10 మి.మీ. లోపలికి ఆనించి, డిస్కును నట్లతో గట్టిగా బిగించి ఒక చుట్టు తిప్పండి. 0.1 మి.మీ. మించితే డిస్కు విప్పి హబ్ ముఖం చూడండి. పాత హబ్‌ల మీద తుప్పు పొక్కు, పెయింటు, డ్రిల్ చేసినప్పుడు లేచిన అంచు, వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. శుభ్రం చేసి, డిస్కును ఒక రంధ్రం పక్కకు జరిపి బిగించి మళ్లీ కొలవండి. చాలాసార్లు అక్కడే సరిపోతుంది. హబ్ ముఖమే వంకరైతే దాన్ని లేత్ ఎక్కించాలి. కొత్త డిస్కును మాత్రం లేత్ ఎక్కించొద్దు.

ప్రశ్న: ఎన్నిసార్లు గాలి తీసినా పెడల్ స్పాంజిలా ఉంది. పైపు జాయింట్ దగ్గర సన్నగా చెమ్మ కూడా ఉంది. – పాఠకుడు, గుంతకల్లు

జవాబు: కాలిపర్ మీద నిప్పిల్ ఏ వైపు ఉందో చూడండి. అది అన్నింటికంటే పైన ఉండాలి. కింద ఉంటే ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకు పడ్డాయి. గాలి పైభాగంలో చిక్కుకుని ఎంత తీసినా రాదు. మార్చి బిగిస్తే చాలు.

చెమ్మ సంగతి వేరు, అది ప్రమాదం. అంబాసిడర్ పైపులకు ఎక్కువగా 3/8 అంగుళం యూఎన్ఎఫ్ మరలుంటాయి. కొత్త కాలిపర్‌కు మెట్రిక్ ఎం10 మరలు. 3/8 నట్ ఎం10 రంధ్రంలో చేత్తో ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ మరల కొనలే పట్టుకుని ఉంటాయి. ఒకరోజు గట్టిగా తొక్కినప్పుడు ఊడిపోతుంది. పైపు కొస మలిచిన తీరు కూడా రెండు రకాలు: లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్, బుగ్గలా ఉబ్బిన బబుల్ ఫ్లేర్. ఒకదాని గూట్లో ఇంకోటి కూర్చోదు. ఎంత బిగించినా చెమ్మ ఆగదు. అడాప్టర్ తెచ్చి, పైపు కొస కొత్తగా మలిపించండి. మామూలు రాగి పైపు వాడొద్దు, స్టీలు లేదా రాగి-నికెల్ పైపు వాడండి. బాంజో బోల్టుకు (ఆయిల్ పోవడానికి లోపల రంధ్రమున్న బోల్టు) రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయండి, పాతవి మళ్లీ వాడకూడదు.

ప్రశ్న: కాలిపర్ పట్టే బ్రాకెట్‌ను స్టబ్ యాక్సిల్‌కు వెల్డింగ్ చేశారు. గట్టిగానే ఉంది. చక్రం రిమ్ముకు కాలిపర్ రుద్దుతుంటే కాలిపర్‌ను గ్రైండర్‌తో కొంచెం అరగదీశారు. పర్వాలేదా? – పాఠకుడు, తాడిపత్రి

జవాబు: బండి ఆపేయండి. షెడ్డుకు కూడా నడిపించకండి, లారీ మీద ఎక్కించి తీసుకెళ్లండి.

స్టబ్ యాక్సిల్ కొట్టి తయారుచేసిన ఉక్కు. దాని మీద వెల్డింగ్ పడితే ఆ చుట్టుపక్కల ఉక్కు పెళుసవుతుంది. పగులు పుట్టినా పైకి కనిపించదు. బ్రేకు పడ్డ ప్రతిసారీ చక్రాన్ని ఆపే బలమంతా ఆ బ్రాకెట్ గుండానే పోతుంది. బ్రాకెట్ విరిగితే కాలిపర్ చక్రంలో ఇరుక్కుంటుంది, స్టబ్ యాక్సిలే విరిగితే చక్రమే పోతుంది. వెల్డింగ్ పడిన స్టబ్ యాక్సిల్‌ను పడేసి వేరేది తెచ్చుకోవాలి. అరగదీసిన కాలిపర్ కూడా అంతే, దాని గోడ ఎంత మిగిలిందో బయటి నుంచి తెలియదు.

కొత్తది చేయించేటప్పుడు పాత బ్యాకింగ్ ప్లేట్ బోల్టుల రంధ్రాలకే బ్రాకెట్ పట్టాలి. 10 నుంచి 12 మి.మీ. మందం ప్లేటును లేజర్ మీద కోయించండి, గ్యాస్ కటింగ్ వద్దు. బోల్టు తల మీద 10.9 అని ఉండాలి. షాంక్ నునుపైన భాగమే బ్రాకెట్‌లో ఉండాలి, మరలు కాదు. డిస్కు కాలిపర్‌కు సరిగ్గా మధ్యలో, అర మిల్లీమీటరు తేడా లోపు వచ్చేలా షిమ్ములు పెట్టండి. రిమ్ముకు, కాలిపర్‌కు మధ్య కనీసం 3 మి.మీ. సందు కావాలి. బ్యాలెన్సింగ్ సీసం ముక్కలు లోపలి వైపు అంటించి ఉంటే ఆ సందును తినేస్తాయి. డిస్కు మధ్యభాగం హబ్‌కు, చక్రానికి నడుమ వచ్చి చక్రం ఆరేడు మి.మీ. బయటికి జరుగుతుంది. అప్పుడు పాత చక్రం బోల్టులు పొట్టివవుతాయి. బోల్టు వ్యాసం ఎంతో, కనీసం అంత పొడవు మరలు పట్టి తీరాలి. చివరగా జాకీ మీద చక్రాన్ని పూర్తిగా వేలాడనిచ్చి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, హోస్ పైపు లాగుడు పడకుండా, టైరుకు తగలకుండా ఉందో చూడండి.

ప్రశ్న: నా దగ్గర 1970 ఫియట్ ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలనుకుంటున్నా. డిస్కులు వేస్తే అడ్డమా? – పాఠకుడు, కడప

జవాబు: 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదట రిజిస్టరై 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ హోదా ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. ఇప్పటికే నంబరున్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. వింటేజ్ హోదా వచ్చాక ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్, రిపేర్ల కోసం తప్ప రోజువారీ తిరగకూడదు.

అసలు రూపంలో ఉందో లేదో బండిని చూసి నిర్ణయిస్తారు. కాబట్టి ఛాసిస్‌లో ఒక్క రంధ్రం కూడా వేయకుండా, మొత్తం విప్పి పాత డ్రమ్ములు బిగించుకునే విధంగా ఉంటేనే డిస్కుల జోలికి పోండి. విప్పిన డ్రమ్ములు, షూలు, బ్యాకింగ్ ప్లేట్లు గ్రీజు పూసి దాచండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పును రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు ఫైల్లో పెట్టుకోండి.

ప్రశ్న: నా అంబాసిడర్ పండగలకు, పెళ్లిళ్లకు మాత్రమే తీస్తాను. ఘాట్లకు తీసుకుపోను. డిస్కులు అవసరమా? – పాఠకుడు, అనంతపురం

జవాబు: అవసరం లేదు. ఆ డబ్బుతో డ్రమ్ములే బాగుచేయించండి.

డ్రమ్ములతో అసలు ఇబ్బంది వేడి. నలుగురు ఎక్కిన అంబాసిడర్ సుమారు 1400 కిలోలు. ఘాట్ దిగుతూ ప్రతి 100 మీటర్ల ఎత్తుకు బ్రేకులు, ఇంజిన్ కలిసి మింగాల్సిన శక్తి, 60 కిలోమీటర్ల వేగం నుంచి ఏడుసార్లు పూర్తిగా ఆపినంత. కింది గేర్‌లో దిగకుండా బ్రేకు మీదే దిగితే డ్రమ్ము వేడికి వెడల్పై షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ లోతుకు పోతుంది. చదును రోడ్ల మీద, తక్కువ వేగంలో ఆ పరిస్థితి రాదు. అక్కడ సరిగా అమర్చిన డ్రమ్ములు చాలు.

నాలుగు డ్రమ్ములూ కొలిపించండి. స్కిమ్మింగ్ తర్వాత అసలు వ్యాసం కంటే 1.5 మి.మీ. మించి పెరగకూడదు. కొత్త లైనింగ్ వేశాక షూను డ్రమ్ములో పెట్టి చూడండి. లైనింగ్ మీద సుద్ద పూసి తిప్పితే మధ్యలోనే గీసుకుంటోందో, మొత్తం తగులుతోందో తెలుస్తుంది. మధ్యలో మాత్రమే తగిలితే డ్రమ్ము వంపుకు సరిపడేలా లైనింగ్ రుద్దించాలి. ఈ పని వదిలేస్తారు కాబట్టే కొత్త లైనింగ్ వేశాక కూడా బ్రేకులు పడలేదని అంటుంటారు. వీల్ సిలిండర్ రబ్బర్లు, మూడు హోస్ పైపులు కొత్తవి వేయించండి. పదేళ్లు దాటిన హోస్ పైపు బయట నున్నగా ఉన్నా లోపల నమ్మకం లేదు.

సర్దుబాటు చేసేముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ను పూర్తిగా వదులు చేయండి. అది బిగుతుగా ఉంటే వెనక షూలు ఎప్పటికీ సరిగా కూర్చోవు. ముందు చక్రాల్లో ఒక్కో షూకు ఒక్కో అడ్జస్టర్ ఉంటే ఒక్కోదాన్ని విడిగా చేయాలి: చక్రం ఆగేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా ఒక్కో నొక్కు వదలాలి. మధ్యలో పెడల్ రెండుసార్లు గట్టిగా తొక్కండి, షూలు మధ్యకు వస్తాయి. తర్వాత ఇంకోసారి సరిచూడండి. నాలుగు చక్రాలూ అయ్యాక చివర్లో హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించండి, నాలుగైదు పళ్ల దగ్గర వెనక చక్రాలు పట్టుకునేలా.